చైను బండికి నాలుగు వేళ్ల వదులు

లారీ మీద నుంచి ఆ చైను ట్రాక్టరు మా కళ్లంలో దిగిన రోజు నా భార్య వసారాలో నిలబడి, "ముప్పై ఏండ్లు బస్సుల కింద పండుకుంటివి. ఇప్పుడు యుద్ధానికి పోతాండావా?" అంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని పేరు ట్యాంకు.

నిజానికి చూడటానికి అట్లాగే ఉంటుంది. రబ్బరు చక్రాలుండవు. రెండు పక్కలా ఇనుప పలకలు గుచ్చిన చైను, ఆ చైను మీదనే దాని నడక. అరవై ఏళ్ల కిందట ఎప్పుడో రష్యా నుంచి ఓడలో వచ్చిన బండి. రంగేమిటని అడిగితే చెప్పలేం. తుప్పు కింద అక్కడక్కడా కాస్త ఎరుపు కనిపించేది.

మాది ఆదోని దాటినాక వచ్చే నల్లరేగడి ఊరు. నేను బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరై ఇంటికొచ్చేసరికి, కౌలుకిచ్చిన నా ఆరెకరాలూ గరిక పట్టిపోయి ఉన్నాయి. రేగట్లో గరిక వేళ్లు మోకాటి లోతుకు దిగుతాయి. మామూలు ట్రాక్టరు పైపైన గీరి పోతుంది, తెగిన ప్రతి ముక్కా మళ్లీ మొలుస్తుంది. లోతు దున్నాలంటే చైను బండే కావాలని భార్యకు చెప్పాను. అది పైకి చెప్పిన కారణం. లోపలి కారణం వేరు. రిటైరైనాక నా చేతులకు పని లేకుండా పోయింది. బాగా తిరుగుతున్న ఫ్యాను విప్పి మళ్లీ బిగించేవాణ్ణి. ఆమె అది చూసి జాలిపడే సరేనందని ఇప్పుడు అనిపిస్తుంది.

బండి అమ్మినాయన మాకు ఐదు మైళ్ల అవతలి ఊరి ముసలి సాయిబు. డెబ్బై ఎనిమిదేళ్లుంటాయి. వయసులో ఉన్నప్పుడు ఇదే బండి మీద వేరేవాళ్ల దగ్గర డ్రైవరుగా తాలూకా అంతా దున్ని, తర్వాత దాన్నే కొనుక్కున్నాడు. ఇప్పుడు మోకాళ్లు పోయాయి. కొడుకులు కొట్టం తీసేసి ఆ జాగాలో గది కట్టాలన్నారు. పాత ఇనుము కొనేవాళ్లు నాకంటే ఎక్కువే ఇస్తామన్నారట. ఆయన నాకే ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "ఒగటే మాటప్పా. పనికొచ్చినన్నాళ్లు పెట్టుకో, లేదంటే ఊరికే ఒక మూల నిలబెట్టు. కాటాకు మాత్రం ఎయ్యొద్దు" అన్నాడు. కాటాకు వేయడమంటే గ్యాసుతో ముక్కలు కోసి, తూకానికి అమ్మేయడం. వేయనని మాటిచ్చాను.

ఈ బండికి సెల్ఫు స్టార్టు లేదు. పక్కన పెట్రోలుతో నడిచే చిన్న ఇంజను ఉంటుంది. దాని చక్రానికి తాడు చుట్టి లాగితే అది లేస్తుంది, అది లేచి పెద్ద ఇంజనును లేపుతుంది. లారీకి ఎక్కించేముందు ముసలాయన ఆ తాడు విప్పి, కళ్లకద్దుకుని భుజాన వేసుకున్నాడు. అదేమిటని అడిగాను. "ఎద్దును అమ్మితే తాడు ఇయ్యం గదప్పా. కొన్నోడు తన తాడు తెచ్చుకోవాల. దీనికీ అంతే" అన్నాడు. ఇనుముకు కూడా ఈ శాస్త్రమా అని లోపల నవ్వుకున్నాను.

ఇంటికొచ్చి బావి చేంతాడు చుట్టి లాగాను. అది మందం ఎక్కువై, చుట్టు మీద చుట్టు పడి బిగుసుకుంది. ఇంజను ఎదురు తిరిగి నా చేతిని బానెట్‌కేసి కొట్టింది, వేలి కణుపుల మీద తోలు లేచిపోయింది. రెండు రోజులు అదే యుద్ధం. ఊళ్లో అరుగుల మీద నా పేరు మోగిపోయింది. మూడో రోజు పొద్దున మొదటి బస్సు దిగి, పిలవకుండానే ముసలాయన వచ్చాడు. నా చేతి కట్టు చూశాడు. ఇంట్లో ఉన్న తాళ్లన్నీ తెప్పించుకుని, ఎద్దుల బండికి కట్టే సన్న మోకు ఏరి, మూడే చుట్లు చుట్టించాడు. "బొటనేలు తాడు కిందికి పోనియ్యొద్దు. ఎదురు తిరిగితే ఏలు నీది కాదు" అన్నాడు. రెండో లాగుకే లేచింది. ఆ శబ్దానికి మా చూరు కింది పిచ్చుకలన్నీ ఎగిరిపోయాయి. ఆ సంతోషంలో నేను ఆయన్ను మామా అన్నాను, ఆయన నన్ను అల్లుడా అన్నాడు. మా పక్క హిందువులకూ సాయిబులకూ ఈ వరసలు పుట్టుకతో వచ్చేవే.

ఇక అక్కణ్ణుంచి రోజూ వచ్చేవాడు. ఆయిలు పుల్ల తీసి తన తువ్వాలుతోనే తుడిచి చూసేవాడు. ఆగిన వెంటనే ప్రతి రోలరు మీదా (చైను లోపల తిరిగే ఇనుప చక్రాలవి) అరచెయ్యి పెట్టి, ఏది ఎక్కువ వేడెక్కిందో దానికే గ్రీజు తక్కువైందని చెప్పేవాడు. పది గంటలకు నా భార్య పెట్టిన రొట్టె తిని, పన్నెండు బస్సుకు పోయేవాడు. వారం నాకు ముచ్చటగానే ఉంది. రెండో వారం చిరాకు మొదలైంది. డిపోలో నా మాటకు ఎదురుండేది కాదు. ఇంజను శబ్దం విని జబ్బు చెప్తానని పేరున్నవాణ్ణి. నా కళ్లంలో, నా బండి దగ్గర నాకొకరు చెప్పడమేమిటి?

గొడవంతా చైను దగ్గర వచ్చింది. పైన రెండు రోలర్ల మధ్య కట్టె ఆనించి, కట్టెకూ చైనుకూ నడుమ నాలుగు వేళ్లు పట్టేంత వదులు ఉండాలనేవాడు ఆయన. ఆ వదులుకు చైను నడిచేటప్పుడు పటపటా కొట్టుకునేది. నాకు ఆ శబ్దం పళ్లు కొరికినట్టుండేది. వదులు బెల్టు, వదులు బోల్టు కనిపిస్తే బిగించడం ముప్పై ఏళ్ల అలవాటు. పైగా దారిన పోయేవాళ్లు, "ఏమప్పా, నీ ట్యాంకు లాగు జారిపోతాండాది" అని నవ్వేవాళ్లు. ఒక సాయంత్రం ఆయన పోయినాక చైను బిర్రుగా బిగించేశాను. చప్పుడు పోయింది. నాకు హాయిగా నిద్ర పట్టింది.

మర్నాడు చూద్దును కదా, వదులుగా ఉంది. మళ్లీ బిగించాను. ఆ మర్నాడు మళ్లీ వదులు. మూడోనాడు నేను లోపల్నుంచి వచ్చేసరికి ఆయన కింద కూర్చుని పెద్ద స్పానరుతో చైను వదులు చేస్తున్నాడు. చుట్టూ ఊరివాళ్లు పదిమంది నిలబడి ఉన్నారు. ఎవరో నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"అమ్మినోడివి అమ్మినట్టు ఉండు! నా బండి మీద ఇంగొకసారి చెయ్యేస్తే, రేపే దీన్ని కాటాకేస్తా" అన్నాను.

ఏది చేయొద్దని నా చెయ్యి పట్టుకుని అడిగాడో, సరిగ్గా అదే మాట. తెలియక అనలేదు. ఎక్కడ తగులుతుందో తెలిసే అన్నాను. ముసలాయన స్పానరు కింద పెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు. మోకాళ్ల మీద చేతులానించి లేవడానికి ఆయనకు ఎప్పుడూ కాస్త సేపు పట్టేది. ఆ రోజు ఇంకా ఎక్కువసేపు పట్టింది. ఎవరూ చెయ్యి ఇవ్వలేదు, నేనూ ఇవ్వలేదు. బస్సుకు ఇంకా రెండు గంటలున్నా ఎండలో రోడ్డు వైపు నడిచిపోయాడు. నా భార్య చేతిలో రొట్టె తట్టతో గడపలో నిలబడి, "ఆ మాట నీ నోట్లోంచి ఎట్లొచ్చె?" అని మాత్రం అడిగింది. రొట్టెలు లోపలికి తీసుకుపోయింది.

నేను చైను బిగించుకున్నాను. నాలుగు రోజులు దున్నాను కూడా. గరిక వేళ్లు జడల్లా పైకి లేస్తుంటే మీసం మెలేశాను. ఐదో రోజు వాన పడింది. మర్నాటికి పైన ఆరినట్టే కనిపించింది కదా అని బండి పొలంలోకి దించాను. రేగడి మట్టి తడిస్తే ఎంతగా పట్టుకుంటుందో చిన్నప్పటి నుంచి తెలిసినవాణ్ణే, అయినా తోచలేదు. పళ్ల చక్రంలో మట్టి కూరుకుపోయి, అసలే బిర్రుగా ఉన్న చైను ఇంకా బిగిసింది. వదులు ఎందుకుండాలో అప్పుడు తెలిసింది. తుపాకీ పేలినట్టు పలక ఒకటి విరిగి, ఎడమ చైను మొత్తం ఊడి వెనక బురదలో పరుచుకుంది. బండి ఒక పక్కకు ఒరిగి పొలం మధ్యలో నిలిచిపోయింది.

ఆ పలకలు ఇప్పుడెక్కడా దొరకవు. కర్నూలులో అడిగాను, బళ్లారి దాకా పోయి అడిగాను. మూడో రోజుకే, ఎవరు చెప్పారో ఏమో, పాత ఇనుము కొనే మనిషి గ్యాసు సిలిండరు వేసుకుని ఆటోలో వచ్చేశాడు. పొలంలోనే కోసి తీసుకుపోతానన్నాడు. గట్టు మీద ఉన్నవాళ్లంతా, "ఇచ్చేయ్, పీడ పోతాది" అన్నారు. వాడు చైను మీద సుద్దతో గీతలు గీస్తుంటే వాటిని అరచేత్తో తుడిచేశాను. వాణ్ణి తిట్టి పంపించి, అటే బస్సెక్కి ముసలాయన ఊరికి పోయాను.

ఆయన ఇంటి ముందు చాప మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి, "రాండి సార్" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. అల్లుడా అన్న నోటితో సార్ అనిపించుకోవడం ఎంత బరువో నాకు ఆ రోజు తెలిసింది.

"తప్పయిపోయింది మామా. అనగూడని మాటంటి" అన్నాను.

"దాంట్లో తప్పేముండాది సార్? బండి మీది."

నేనింకా సంగతి చెప్పకముందే ఆయన అడిగాడు, "యా పక్క తెగె?"

ఎడమ పక్కనని చెప్పాను. లేచి నన్ను ఇంటి వెనక్కి తీసుకుపోయాడు. అక్కడ కాళ్లు కడుక్కునే చోట బండలకు బదులు చైను పలకలు నాలుగు పరిచి ఉన్నాయి. కడప బండలు అంత చవకగా దొరికే సీమలో ఇనుప పలకలు పరుచుకున్న ఇల్లు అదొక్కటే అయ్యుంటుంది. కోడలు గొణుగుతున్నా వినకుండా గడ్డపారతో రెండు పెకలించాడు.

రెండు రోజులు పట్టింది అతికించడానికి. ఆయన గట్టు మీద కూర్చున్నాడే తప్ప చేత్తో దేన్నీ తాకలేదు. మట్టి తవ్వడం, చైను రెండు కొసలూ లాగి కలపడం, పిన్ను సుత్తితో దింపడం, వదులు కొలవడం, అన్నీ నాతోనే చేయించాడు. ఎన్ని రోజులకు ఏ పిన్ను చూడాలో, వాన పడితే ఎన్నాళ్లు ఆగాలో, ఒకటికి రెండుసార్లు నాతో చెప్పించుకున్నాడు. బండి గట్టెక్కినాక తువ్వాలు దులుపుకుని, "ఇంగ నేను రానక్కర్లేదు సార్. అంతా నేర్చుకుంటిరి" అన్నాడు. ఇందుకోసమే అంత ఓపికగా నేర్పాడన్న సంగతి అప్పటికి గాని నాకు తట్టలేదు. మళ్లీ రమ్మని ఏ ముఖం పెట్టుకుని అనేది?

తర్వాత పది రోజులు బండి ఒక్క మాట పడకుండా నడిచింది. చైను పటపటా కొట్టుకుంటూనే ఉంది, ఆ శబ్దం ఇప్పుడు నాకు బాధ లేదు. కానీ ఆగిన వెంటనే రోలర్ల మీద చెయ్యి పెట్టి, ఇది కాస్త వేడి ఎక్కువ అని తల తిప్పి చెప్పబోతే, వినే మనిషి లేడు. మొదటి బస్సు హారను వినపడితే నా భార్య రొట్టెల పిండి దగ్గర ఆగి రోడ్డు వైపు చూసేది. నేనూ చూసేవాణ్ణి.

పదకొండో రోజు ఫోను చేశాను. "మామా, బండి లేస్తా లేదు."

"డీజిల్లో గాలి పట్టిందేమో చూస్తిరా?"

"చూసినా మామా."

"చిన్న ఇంజను ప్లగ్గు?"

"అదీ చూసినా. ఏం చేసినా కాలేదు."

"ముప్పై ఏండ్లు డిపోలో చేసినోళ్లు గద సార్ మీరు."

"ఎన్నేండ్లు చేస్తే ఏం మామా, నాకు తెల్దు" అన్నాను. నా జీవితంలో ఇంజను ముందు ఆ మాట అన్నది అదే మొదలు. అదీ అబద్ధానికే. "సరే, రేపొస్తా" అని ఫోను పెట్టేశాడు.

మర్నాడు తెల్లవారే లేచాను. బండి పొలం గట్టున బట్టబయలులో ఉంది. ఆ ఎండలో ముసలాయనను కూర్చోబెట్టడం ఎందుకని, స్టార్టు చేసి నడుపుకుంటూ వచ్చి ఇంటి ముందు వేపచెట్టు నీడలో నిలిపాను. చాప పరిచాను, నీళ్ల చెంబు పెట్టాను.

మొదటి బస్సుకే దిగాడు. గేటు దగ్గర ఒక్క క్షణం ఆగి కిందికి చూశాడు. పొలం నుంచి వేపచెట్టు దాకా మట్టిలో చైను అచ్చులు కొత్తగా, బారుగా పడి ఉన్నాయి. దొరికిపోయానని తెలిసింది. ఆయన మెల్లగా నడిచి వచ్చి బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు. అది ఇంకా కాలుతూ ఉంది. చెయ్యి తీయకుండా అట్లాగే నిలబడ్డాడు. నేను నేల చూపులు చూస్తున్నాను. గడపలో నా భార్య పిండి చేతులతో నిలబడి ఉంది.

"శానా పెద్ద జబ్బే అల్లుడా ఇది" అన్నాడు చివరికి. "ఒగ పొద్దుతో తేలేది గాదు. దినామూ రావాల్సి ఉంటాది."