ఎక్స్‌రేలో పడని తలనొప్పి

16 జులై 1971, శుక్రవారం. తెనాలి, డాక్టరుగారి గది. ఉన్నవారు: డాక్టరుగారు, మా ఆవిడ, బాపట్ల నుంచి వచ్చిన ఆమె అన్నగారు, నేను.

ఆనాటి డైరీ పేజీ పైన ఇలా రాసుకున్నాను. అప్పటికి ఏడాదిన్నరగా మా ఆవిడకు తలనొప్పి. మధ్యాహ్నం మొదలై పొద్దుగూకేదాకా వదిలేది కాదు. శొంఠి పట్టు వేసుకుని, తలకు గుడ్డ బిగించి పడుకునేది. బాపట్లలో బావగారి పొరుగింటాయన తలనొప్పి అంటూ అంటూనే మెదడులో గడ్డతో పోయాడు. అది విన్న దగ్గర్నుంచి మాకు నిద్ర లేదు. తలకు ఎక్స్‌రే తీయించాల్సిందేనని బావగారు పట్టుబట్టారు. మేము రేపల్లె నుంచి పొద్దున బండికి తెనాలి వచ్చాం.

డాక్టరుగారు ఫిల్మును కిటికీ వెలుగుకు ఎత్తి చూశారు. "పుర్రె నిక్షేపంగా ఉందమ్మా."

"హమ్మయ్య, గడ్డ లేదన్నమాట" అన్నారు బావగారు.

"దీంట్లో ఎముకే కనపడుద్దండి, మెదడు కాదు. గడ్డ ఉందన్న అనుమానం నాకు లేదు గానీ, అది ఈ ఫిల్ము చూసి కాదు. ఇందాక కంట్లో లైటు వేసి చూశాను, నడిపించి చూశాను. చూపు మసక లేదు, వాంతుల్లేవు, ఫిట్సు లేవు. అలాంటివేమన్నా వస్తే ఆ రోజే తీసుకురండి. ఇంతకీ నొప్పి ఏ రోజుల్లో వస్తందమ్మా?"

"ఏ రోజని చెప్పనండీ? దాని ఇష్టం వచ్చినప్పుడు వస్తది."

నేను సంచిలోంచి డైరీ తీశాను.

"ఇంకేం! మా బావ డైరీలో కోడి ఎన్నిసార్లు కూసిందో కూడా ఉంటది" అని బావగారు నవ్వారు.

తలనొప్పి అని రాసిన రోజులు నాలుగు వారాలవి చదివేసరికి డాక్టరుగారు చెయ్యెత్తి ఆపారు. "సోమ, గురు, శని. ఆ రోజుల్లో ఏం చేస్తావమ్మా?"

"ఉపవాసమండి. శనివారం మా పెద్దమ్మాయి పరీక్షకి మొక్కుకున్నాను. తలనొప్పి పట్టుకున్నాక, తగ్గాలని గురువారం కూడా ఉన్నాను. తగ్గకపోయేసరికి సోమవారం."

"కాఫీ?"

"దీపం పెట్టేదాకా మంచినీళ్ళే ముట్టను, ఇంక కాఫీ ఏంటండి!"

"మామూలు రోజుల్లో?"

"నాలుగు గ్లాసులు" అన్నాను నేను.

"రోజూ నాలుగు గ్లాసులు అలవాటైన తల, కాఫీ పడని రోజున నొప్పి పెడుద్ది. తగ్గాలని మందు పెంచుతారు తల్లీ, నువ్వు జబ్బునే పెంచుకున్నావు" అని, డాక్టరుగారు నావైపు తిరిగారు. "మాస్టారూ, ఇంత రాశారు, ఒక్కసారీ వెనక్కి తిప్పి చూడలేదా?"

చూడలేదు. పైన ఉపవాసమనీ, కింద తలనొప్పనీ ఒకే పేజీలో రాస్తూ వచ్చాను. రాస్తే నా పని అయిపోయిందనుకున్నాను.

ఇప్పుడు మెదడు లోపల కూడా ఫొటో తీసే యంత్రాలొచ్చాయి. అవసరమైనవాళ్ళకు అవి ప్రాణం నిలబెడతాయి. మా ఆవిడ జబ్బు మాత్రం వాటికీ అందేది కాదు. నెల తిరిగేసరికి తలనొప్పి అన్న మాట నా డైరీలో అరుదైపోయింది.

తెనాలి వెళ్ళొచ్చిన మర్నాడు శనివారం. రేపల్లెలో ఆమె తెల్లవారకముందే స్నానం చేసి దీపం పెట్టింది. డికాషన్ దిగాక మొదటి గ్లాసు కాఫీ దేవుడి ముందు పెట్టి, చాలాసేపు కళ్ళు మూసుకుని నిలబడింది. తర్వాత ఆ గ్లాసు తీసుకుని, వంటింటి గడప మీద కూర్చుని, ఆఖరి చుక్క దాకా తాగింది.