అటువైపు ఎవరూ లేరు

మా ఆయన ఏసీలు బిగిస్తాడు. ఇరవై ఏళ్లుగా అదే పని. పనిలో ఆయనకి వంక పెట్టడానికి లేదు. పెళ్లాన్ని కాబట్టి ఇలా అంటున్నానని అనుకోకండి, పెళ్లాన్ని కాబట్టి వంకలే ఎక్కువ తెలుసు. మా ఇంట్లో ఆయన మేకులు కొట్టి నిలబెట్టిన అలమర మొదటి రోజు నుంచీ ఒక పక్కకి ఒరిగే ఉంది. బయట మాత్రం గోడకి ఏసీ తగిలించే పలక బిగించాలంటే మట్టం పెట్టి మూడుసార్లు చూస్తాడు. గోడకి వేసే బెజ్జం బయటివైపు కాస్త వాలుగా ఉండాలంటాడు, లేకపోతే నీళ్లు వెనక్కొచ్చి పరుపు మీద పడతాయట. రాగి పైపు కొసని వెడల్పు చేశాక నట్టు ఎక్కదు, ముందే ఎక్కించాలి. అది మరిచిపోయి పైపు పాడుచేయని మనిషి మా ఆయనొక్కడేనని షాపులో చెప్పుకుంటారు. మరిచిపోకుండా ఉండడానికి నట్టుని పెదాల మధ్య పట్టుకుంటేగానీ పైపు కోయడు. ఒకసారి అలాగే ఫోనెత్తి నాతో మాట్లాడాడు. నోరు పడిపోయిందేమోనని హడలిపోయాను.

ఈ పనిలో అసలు తంటా పైపు పొడవుతోనే. ఏసీ పెట్టెతో వచ్చే పైపు మూడు మీటర్లే. లోపల బిగించేది చల్లగాలి ఇస్తుంది, బయట బిగించేది ఆ గదిలోని వేడినంతా తోడి ఎదురుగా ఊదుతుంది. బయటిదాన్ని డాబా మీద పెడితే ఎవరికీ బాధ లేదు. కానీ అక్కడిదాకా పైపు విడిగా కొనాలి, గోడ పొడుగునా క్లిప్పులు కొట్టాలి, ఒక పూట పోతుంది. షాపువాళ్లేమో రోజుకి మూడిళ్లు అప్పగిస్తారు. అందుకని మూడు మీటర్లు ఎక్కడికి అందితే అక్కడే పెట్టేస్తారు. పక్కింటి కిటికీ చూసి ఇంటివాళ్లు నసిగితే మా ఆయన దగ్గర ఒక మాట సిద్ధంగా ఉంటుంది. "అటువైపు ఎవరూ లేరండి." ఇంక ఎవరూ మారు మాట్లాడరు.

ఆ మాట ఎలా అంటాడో ఇంటికొచ్చి నాకు చేసి చూపించేవాడు. చెయ్యి గాలిలోకి ఊపి, అటంతా ఎడారి అన్నట్టు. నేను పడీ పడీ నవ్వేదాన్ని. ఆ కిటికీల వెనక ఎవరుంటారని ఒక్కనాడూ అడగలేదు. నేనూ అంత మంచిదాన్నేం కాదు.

మేముండేది ఒక మేడ రెండో అంతస్తులో, వెనకవైపు. ఒక గది, వంటిల్లు. గదికి ఒకటే కిటికీ, దాని కింద నా కుట్టుమిషను. పెళ్లయి పందొమ్మిదేళ్లు. అప్పటినుంచీ అక్కడే కూర్చుని బట్టలు కుడుతున్నాను. సూదిలోకి దారం ఎక్కించడానికి వెలుగూ, మెడ మీద చెమట ఆరడానికి గాలీ రెండూ ఆ కిటికీలోంచే రావాలి. వెనక మేడకీ మాకూ మధ్య నాలుగడుగుల సందు. ఆ మేడ వాకిలి వేరే వీధిలోకి ఉంటుంది కాబట్టి అక్కడివాళ్లెవరూ మాకు తెలియదు.

ఎండలు ముదరకముందే ఆ మేడలో మా కిటికీకి ఎదురు గదిలోకి రిటైరైన నర్సు ఒకావిడ దిగింది. వారం తిరక్కుండా ఆవిడ గదిలో మా ఆయన గొంతు వినిపించింది. ఏ ఇంటికి వెళుతున్నాడో పొద్దున నాతో చెప్పలేదు. నాకు మొదట సంతోషమే వేసింది. ఎదురుగా ఉన్నది మా కిటికీయేనని తెలిసినవాడు, డాబా మీదికే తీసుకెళతాడులే అనుకున్నాను.

ఆవిడ లోపలెక్కడో మంచం దగ్గరుంది, నాకు కనబడదు. గొంతు మాత్రం స్పష్టంగా వినబడుతోంది.

"ఎదురుగా కిటికీ ఉంది కదా బాబూ. వేడంతా వాళ్ల మీదికే పోతుందేమో. కావాలంటే పైదాకా పైపు వేసెయ్యి, నేను కొనిస్తాను."

మిషను మీద నా కాలు ఆగిపోయింది. కిటికీ దగ్గర పైపు కోస్తున్న మా ఆయన తలెత్తాడు. నన్ను చూశాడు. సరిగ్గా నా కళ్లలోకి చూశాడు. పెదాల మధ్యనున్న నట్టు తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"అటువైపు ఎవరూ లేరండి," అన్నాడు. "పాత సామాన్లు పడేసుకునే గది."

నేనొక్క కేక వేస్తే చాలు. కానీ సామాన్లు మాట్లాడవు కదా.

ఆ రోజు కూడా పనిలో లోటు చేయలేదు. నడుముకి తాడు కట్టుకుని సజ్జ మీద నిలబడి, బయటిదాన్ని నాకెదురుగా బిగించాడు. పంపు పెట్టి పైపుల్లోని గాలంతా అరగంట సేపు లాగించాడు. అతుకుల మీద సబ్బు నురగ రాసి, బుడగలు రావడం లేదని నిదానంగా చూసుకున్నాడు. అంతసేపూ మళ్లీ నావైపు చూడలేదు. ఆయన వెళ్లిన కాసేపటికి వేడిగాలి నా మొహం మీదికి కొట్టింది.

సాయంత్రం కంచం ముందు కూర్చున్నాక అడిగాను. ఇంకా రెండిళ్లుండేవి, తొందరలో అనేశానని చెప్పినా సరిపెట్టుకునేదాన్నే. ఆ మాత్రం సాకు కూడా చెప్పలేదు.

"ఎక్కడుంటావని ఆవిడ అంతకుముందే అడిగింది. మెయిన్ రోడ్డు మీద ఫ్లాటని చెప్పేశాను. ఇంక ఆ గది నాదని ఏ మొహంతో చెప్పను?"

నాకు ఒళ్లు మండిపోయింది. సిగ్గు గదిని చూసా, అందులో ఉన్న నన్ను చూసా అని అడగబోయి ఊరుకున్నాను. ఏం వినాల్సి వస్తుందోనని భయమేసింది. గాలిని పక్కకి మళ్లించడానికి రేకు ఒకటి తెచ్చి బిగిస్తానన్నాడు. మూడు నెలలైంది, రేకు రాలేదు. కిటికీ మూసేసి, నా మిషను వంటింట్లోకి, పొయ్యి పక్కకి చేర్చాను. అక్కడ పగలు కూడా లైటు వేసుకుని కుడుతున్నాను. కళ్లు లాగేస్తున్నాయి.

నిన్న మధ్యాహ్నం కరెంటు పోయింది. ఎదురుగా ఏసీ ఫ్యాను హోరు ఆగడం విని పరుగెత్తుకెళ్లి కిటికీ తెరిచాను. అవతల కిటికీలో తువ్వాలు ఆరేస్తున్న నర్సమ్మ నన్ను చూసి నిర్ఘాంతపోయింది.

"ఆ గదిలో ఎవరూ లేరన్నాడే ఏసీ పెట్టినాయన. మీరున్నారని తెలిస్తే పైనే పెట్టించేదాన్ని కదమ్మా. ఉండండి, షాపుకి ఫోన్ చేసి కనుక్కుంటాను."

ఎంత మంచి మనిషి. ఆవిడ ఒక్క ఫోన్ చేస్తే నా కిటికీ నాకొస్తుంది. ఇరవై ఏళ్లలో ఒక్క ఫిర్యాదు లేని మా ఆయన, సొంత పెళ్లాన్నే లేదన్నవాడిగా షాపు నిండా నవ్వులపాలవుతాడు. అవ్వాలనే ఉంది నాకు. నిజంగా ఉంది.

"ఆయన తప్పేం లేదండి," అన్నాను. "మేం ఈమధ్యే దిగాం."

అంత సులువుగా నా నోట్లోంచి వస్తుందనుకోలేదు. ఆవిడ నమ్మేసింది. కరెంటు వచ్చి ఫ్యాను తిరగడం మొదలవగానే కిటికీ మూసి గడియ పెట్టాను.