కాకతీయుల కాలంలో మొక్కజొన్న

తొంభైల చివర్లో నేను సంగారెడ్డిలో చరిత్ర అధ్యాపకుడిని. కాకతీయుల కాలం నాటి కథతో సినిమా తీస్తున్న ఒక దర్శకుడు, తప్పులు పట్టడానికి రమ్మని నన్ను పిలిచారు. అది నాకు వృత్తిరీత్యా అబ్బిన విద్య కనుక ఒకరోజు సెలవు పెట్టి బయలుదేరాను. ఉదయం ఆరున్నరకు బస్సెక్కితే ముప్పావు గంటలో పటాన్‌చెరు. అక్కడ టీ తాగి జిన్నారం బస్సు పట్టుకున్నాను. రెండు బస్సులకూ కలిపి పదిహేను రూపాయలైంది. జిన్నారంలో దిగి ఆటో అడిగాను. "షూటింగ్ కాడికా సారూ? కోట అట్టలదే గని మస్తుగుంది. ఎక్కుండ్రి, ఐదు రూపాయలు" అన్నాడు డ్రైవర్.

కోట నిజంగానే బాగుంది. దాని పక్కన మందుల ఫ్యాక్టరీ పొగగొట్టం ఉంది కానీ, కెమెరాను అటు తిప్పరాదని అప్పటికే తీర్మానించారట. పదిన్నరకు నేను కోట ముందున్న పచ్చటి చేనును చూపించి, మొక్కజొన్న అమెరికా ఖండం నుంచి వచ్చిన పంట అనీ, కాకతీయులు దానిని ఎరుగరనీ సవినయంగా మనవి చేశాను. దర్శకుడు నాకు నమస్కరించి, వెంటనే కొడవళ్లు తెమ్మన్నారు. కెమెరాకు అడ్డమొచ్చిన దేన్నయినా తొలగించవచ్చని, షూటింగుకు చేను తీసుకున్న కిరాయి కాగితంలో ఉంది. చేనుగల మల్లయ్య, అది తుమ్మకంపల సంగతనుకుని సంతకం చేశాడు. ఆ రోజు సైనికుడి వేషం కూడా అతనిదే. బల్లెంతో సహా నా దగ్గరకు పరుగెత్తుకొచ్చాడు.

"ఏంది సారూ, గిట్ల జేస్తిరి? కంకులు ఇప్పుడిప్పుడే పాలు వోసుకుంటున్నయి. కాకతీయులు ఏం తిన్నరో నాకెర్కలే. మేమైతే యాడాదంతా గీటి మీదనే బత్కాలె."

"నష్టం కట్టిస్తాంలేవయ్యా" అన్నారు దర్శకుడు.

"పైసలు బర్లు మేస్తయా?"

కళాకారుడికి కొంత స్వేచ్ఛ ఉంటుందనీ, చేను ఉండనివ్వమనీ నేను విన్నవించాను. "తెలియక చేస్తే స్వేచ్ఛ మాస్టారూ, తెలిసి చేస్తే తప్పు. మీరు చెప్పేశారుగా!" అన్నారాయన. నా బోధన ఇంత త్వరగా ఫలించడం అదే మొదటిసారి.

అప్పుడే సద్ది తెచ్చిన మల్లయ్య భార్య ఎల్లమ్మ అంతా విన్నది. "వీళ్లకేం గావాలె, జొన్ననా? జొన్ననే జేద్దాం తియ్యి. రాజు గుర్రం దిగొచ్చి కంకి ఇరిచి సూస్తడా?" అంటూ ఇంటికి వెళ్లి, విత్తనానికని దూలానికి వేలాడదీసిన జొన్న కంకులు గంపెడు తెచ్చింది. నలుగురు సైనికులు బల్లేలు కింద పెట్టి, ముందు రెండు సాళ్ల మొక్కల కొసలకు వాటిని సుతిలి తాడుతో కట్టారు. కెమెరాలోంచి చాలాసేపు చూసిన దర్శకుడు, "మాస్టారూ, ఇదేం పంట?" అని అడిగారు.

శతాబ్దం తప్పు రాసిన పిల్లలను ఏళ్ల తరబడి ఫెయిలు చేసిన నేను, "జొన్న" అన్నాను. కాగితం మీద రాసిమ్మంటే రాసిచ్చాను కూడా. కొడవళ్లు లారీ ఎక్కాయి. "ఇగ యుద్ధం షురూ జెయ్యుండ్రి" అన్నాడు మల్లయ్య, చెమట తుడుచుకుంటూ. ఎల్లమ్మ మాత్రం నా వైపు తిరిగి, "సారూ, ఇంకేమన్న ఎర్కుంటే జెర కడుపులనే వెట్టుకోండ్రి" అన్నది. ఆ ఆదేశాన్ని సాయంత్రం ఐదు గంటల బస్సు దాకా పాటించాను.

సినిమా విడుదలయ్యాక చూశాను. ఆ చేను రెప్పపాటు కనిపించి, ఏనుగుల వెనక్కి పోయింది. నేను సంతకం చేసిన ఏకైక అబద్ధం అది. అయినా సంతకం చేసిన రాత్రి హాయిగా నిద్రపోయాను. ఇటువంటి పనిమీద వెళ్లేవారికి ఒకటే సూచన: చరిత్ర చెప్పే ముందు చేను ఎవరిదో కనుక్కోండి. ఏడు వందల ఏళ్లు ఆగిన నిజం కోతలయ్యే దాకా ఆగుతుంది.