నా జోడు గొట్టాల తుపాకికి తగిన చోటు

ఆ రోజుల్లో మా చుట్టుపక్కల తుపాకి లైసెన్సు ఉన్న షావుకార్లం నలుగురం. అందులో తుపాకిని ఒక్కసారైనా పేల్చనివాణ్ణి నేనొక్కణ్ణే. ఈ సంగతి మిగతా ముగ్గురికీ తెలియదు. మా ఆవిడకు మాత్రం తెలుసు. ఇంటి గుట్టు బయట పెట్టే మనిషి కాదు గనుక, ఇంట్లోనే రోజుకు రెండుసార్లు గుర్తు చేసేది.

అరకు లోయలో సంత జరిగే ఊళ్ళో నాకు ఉప్పూ, ఎండుచేపలూ, గుడ్డలూ అమ్మే కొట్టు ఉండేది. మా సొంతూరు కింద మైదాన ప్రాంతంలో. అంతకు కొంతకాలం కిందట మన్యంలో గొడవలు జరిగి, కొండవాళ్ళ నాటుతుపాకులన్నీ పోలీసు స్టేషనుకు చేరాయి. పంట కాపాడుకునేవాడి దగ్గర తుపాకి లేకపోవడం, ఉప్పు కొలిచేవాడి దగ్గర ఉండడం అప్పటి న్యాయం. నేను జోడు గొట్టాల తుపాకి కొని కొట్లో నా తల వెనక గోడకు తగిలించాను. అది అక్కడ చేరాక ఉప్పు తూకం గురించి నన్నెవరూ నిలదీయలేదు. నాకు అది చాలు. పేల్చవలసిన రోజు వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

ఆ రోజు శ్రావణంలో వచ్చింది. పై ఊళ్ళో ఉండే ఒక కొండరైతు వానలో తడుస్తూ కొట్టుకు వచ్చాడు. ఆయన నాకు ఊరికే తెలిసినవాడు కాదు. నేను మన్యం జ్వరంతో ఒళ్ళు తెలియకుండా పడి ఉన్న ఏడు, డోలీ కట్టి నన్ను కొండ దింపిన వాళ్ళలో ముందు కొమ్ము మోసినవాడు. అప్పటి నుంచి ఆయన నన్నేదీ అడగలేదు. ఆ రోజే అడిగాడు.

"సావుకారూ, సామ పొట్టకొచ్చింది. పందులు దిగిపోతన్నాయి. నా తుపాకీ టేసన్లో ఉండిపోయింది. నువ్వొచ్చి నాలుగు రోజులు మంచె మీద కూకుంటే సాలు బాబూ. మా ఏడాది కూడు అది."

"ఎందుకు రాను? తప్పకుండా వస్తాను" అన్నాను. ఆ మాట నోరు దాటాక గోడ మీది తుపాకి వైపు చూశాను. అది నన్ను చూసి నవ్వినట్టే అనిపించింది. "కానీ తుపాకి అంటే ఆషామాషీ కాదు. ముందు సరైన చోట నాలుగు తోటాలు కాల్చి గురి సరిచూసుకోవాలి."

"గురెందుకు బాబూ? గాల్లోకి పేల్సినా సాలు. సప్పుడికే పారిపోతాయి."

ఆ ముక్క దగ్గర ఆగి ఉంటే ఈ కథ లేదు. నాకు కోపం వచ్చింది. లైసెన్సుదారుణ్ణి పట్టుకుని గాల్లోకి పేల్చమంటాడా! నిజం చెప్పాలంటే అది కోపం కాదు, భయం. తుపాకి పేల్చితే భుజాన్ని ఎలా తంతుందో తెలియదు. పదిమంది ముందు వెల్లకిలా పడితే ఉప్పు తూకం సంగతి మళ్ళీ మొదలవుతుంది.

ఒక నోటుబుక్కులో గళ్ళు గీశాను. ఎంత దూరం, వెనక మట్టికట్ట ఉందా, ఎండ కంట్లో పడుతుందా, భోజనం దొరుకుతుందా, చూసేవాళ్ళెందరు అని. ఒక్కో గడికి పదేసి మార్కులు. ఆఖరి గడి కోసమే మిగతా గళ్ళన్నీ గీశానని అప్పట్లో నాకు నేనే ఒప్పుకోలేదు. తుపాకి మోయడానికి ఆ రైతునే రమ్మన్నాను. కాల్చడానికే లైసెన్సు కావాలి, మోయడానికి అక్కర్లేదని చట్టం కూడా నేనే చెప్పాను.

మొదట కొండ దిగువన పోలీసులు గురి కాల్చే మైదానానికి వెళ్ళాం. చోటు దివ్యంగా ఉంది. నిలువెత్తు మట్టికట్ట, దాని ముందు సున్నంతో గుండ్రాలు. హవల్దారు నన్ను చూసి తెగ సంబరపడ్డాడు.

"రా సావుకారూ, కొట్టు. మావోళ్ళు కూడా సూసి నేర్సుకుంతారు. ఒరే, అందరూ రండ్రా!"

పదిహేనుమంది కానిస్టేబుళ్ళు వచ్చి వరసగా కూర్చున్నారు. నేను తుపాకి ఎత్తాను, దించాను, ఆకాశం చూశాను. ఎండ కంట్లో పడుతోందన్నాను. ఆ రోజంతా మబ్బే. ఆడలేక మద్దెల ఓడన్న మాట హవల్దారు పైకి అనలేదు, మీసం కింద అనుకున్నాడు.

కొండ ఎక్కుతూ రైతు, "వెన్ను తీస్తంది బాబూ సామ. బేగి తెముల్సాల" అన్నాడు. చోటు కుదరకుండా తొందరపడితే ఎలా అని నేనే ఆయన్ని మందలించాను.

రెండోది వేసవిలో దొరలు దిగే బంగళా. వెనక పెరట్లో గోడ మీద ఖాళీ సీసాలు పేర్చి కాలుస్తారని చెప్పుకునేవారు. దొరలు లేని రోజు చూసి వెళ్ళాం. బట్లరు మా ప్రాంతంవాడే. టీ ఇచ్చి, బిస్కత్తు ఇచ్చి, గోడ చూపించాడు.

"మా దొర పది సీసాలకి పదీ పగలగొడతాడండి" అన్నాడు.

"అంత గురా!"

"రెండు సీసాలు తుపాకీతోనండి. మిగతావి గోడెనకాల కూకుని నేను రాయెట్టి కొడతాను. సప్పుడూ రాయీ ఒక్కసారే పడాల, అదే కిటుకు. మీకూ కొడతానండి, మొహమాటపడకండి."

ఇంతకాలం నేను వెతుకుతున్నది ఈ మనిషినే అనిపించింది. నోటుబుక్కు తీసి అన్ని గళ్ళలోనూ పదేసి వేయబోతుంటే, పక్కన నిలబడ్డ రైతు మెల్లగా అడిగాడు.

"పందులొచ్చినప్పుడు కూడా ఈ బాబు రాయట్టుకుని ఒత్తాడా?"

బట్లరు పడీపడీ నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండింది. భోజనం గడిలో తొమ్మిది వేసి, మిగతావన్నీ కొట్టేసి బయటికి వచ్చాను.

అప్పటికి సామ గింజ పాలు పోసుకుంది. రైతు భార్య పగలంతా పొలం పని చేసి, సందె నుంచి మంచె మీద డబ్బా వాయిస్తోందట. ఇక తిన్నగా వాళ్ళ పొలానికి పోవలసిందే. కాని ఒక్క తోటా అయినా కాల్చకుండా పోవడమెలా? ఎవరూ చూడని చోటు కావాలి. బొర్రా గుహల ముందు నిలబడితే చీమ కూడా కనపడదని ఎవరో చెప్పారు. పోనూ రానూ రెండు రోజులు.

"రెండు రోజులంటే మా ఆడది ఒక్కర్తీ ఉంటాది బాబూ" అన్నాడు రైతు. ఆ మనిషి నా దగ్గర అంత దిగులుగా మాట్లాడటం అదే మొదలు. నేను వినిపించుకోలేదు. "ఇదే ఆఖరు" అన్నాను.

బొర్రాలో గుహ నోటికి వీపు పెట్టి, ఎదురుగా ఉన్న కొండను గురి చూసి, కళ్ళు మూసుకుని మీట నొక్కాను. కొండకు తగలకపోయే వీలు లేదు కదా. అయినా తగిలిందో లేదో చూడడానికి నేను నిలబడి లేను. తుపాకి ఒకవైపు, నేనొకవైపు పడ్డాం. చప్పుడు ఎదుటి కొండకు కొట్టుకుని, గుహలోకి దూరి, తిరిగి బయటికి వచ్చింది. వెనకే గబ్బిలాలు వందల కొద్దీ వచ్చాయి. రైతు మొదట గుహలోని దేవుడికి దండం పెట్టుకుని, తరువాత నన్ను లేపాడు.

"సప్పుడు బెమ్మాండంగా ఉంది బాబూ. ఇదే సప్పుడు నా పొలంలో సెయ్యి, సాలు."

భుజం వాచినా మనసు తేలికపడింది. పడితే పడ్డాను, చావలేదు. ఆ సంబరంలో తిరుగుదారంతా నేనే ముందు నడిచాను.

పొలం చేరేసరికి పొద్దు బారెడెక్కింది. రైతు భార్య మంచె కింద కూర్చుని ఉంది. పక్కన డబ్బా సొట్టలు పడి ఉంది. సామ లేదు. ఒక పక్క నాలుగు వెన్నులు మిగిలాయి, మిగతాదంతా తొక్కుడూ బురదా. మందంతా ఒక్కసారే దిగిందట. ఆమె డబ్బా వాయిస్తూనే ఉందట. మమ్మల్ని చూసి ఆమె లేచింది. భర్త భుజం మీది తుపాకిని తీసి నా చేతికిచ్చి, ఆయన్ని పక్కనున్న పాకలోకి తీసుకుపోయి అంబలి పోసింది.

నేను గట్టు మీద ఒక్కణ్ణీ మిగిలాను. అప్పుడు చూశాను. ఎదురుగా అడ్డం లేని మైదానం. చివర ఎత్తయిన మట్టిగట్టు. పొద్దు నా వీపు వెనక. చుట్టుపక్కల మనిషన్నవాడు లేడు. నోటుబుక్కులో ఏ గడికైనా పదికి పది వేయవచ్చు. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్ళను చూశాను గాని, కాలిన చేతులతో మార్కులు వేసేవాణ్ణి నన్నే చూశాను. నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇప్పటికీ పోలేదు.

బస్తా బియ్యం పంపాను. మోసుకెళ్ళినవాడే తిరిగి మోసుకొచ్చాడు. ఆ ఏడు వాళ్ళు అడవి దుంపలు తిన్నారు.

చైత్రంలో ఇటుకల పండుగ వచ్చింది. ఆ పండుగ రోజుల్లో మగవాళ్ళంతా వేటకు పోవాలి. ఏదో ఒక జంతువును వేటాడి తేవాలి. ఉత్త చేతులతో వస్తే ఊరి మొదట ఆడవాళ్ళు పేడనీళ్ళు కుమ్మరించి, పాటలు కట్టి ఏడిపిస్తారు. ఊరిపెద్దయినా, కొత్తల్లుడయినా, పొరుగూరి చుట్టమయినా వదలరు. పిలవకుండానే వాళ్ళతో వేటకు వెళ్ళాను. పాత పంచె కట్టుకుని మరీ వెళ్ళాను. నా మీద పేడనీళ్ళు పడాలి. ఆ ఇల్లాలి చేత్తోనే పడాలి. పడితే మళ్ళీ వాళ్ళ గుమ్మంలో నిలబడగలనని ఆశ.

ఆ రోజు ఎవరికీ కుందేలు కూడా దొరకలేదు. సాయంత్రం ఊరి మొదట ఆడవాళ్ళు కుండలతో బారులు తీరారు. రైతు భార్య ముందే ఉంది. మొదట తన భర్త మీదే కుమ్మరించింది. ఆ తరువాత ఊరిపెద్ద, ముసలివాళ్ళు, పడుచువాళ్ళు. అందరూ తడిసి నవ్వుతున్నారు, ఆమె కూడా నవ్వుతోంది. నా వంతు వచ్చింది. తల వంచి కళ్ళు మూసుకున్నాను.

నీళ్ళు పడలేదు. కళ్ళు తెరిచి చూస్తే ఆమె కుండ చంకన పెట్టుకుని నిలబడి ఉంది. వెనకనున్న పడుచు కుండ ఎత్తబోతే చెయ్యి పట్టి ఆపింది.

"వద్దే గుంటా. ఏటకెల్లినోల్ల మీదే పొయ్యాల. ఈ బాబు సోటు సూసుకోడానికెల్లినాడు."

ఎవరూ నవ్వలేదు. ఆడవాళ్ళు పక్కకు తప్పుకుని నాకు దారి ఇచ్చారు. ఆ సాయంత్రం పొడిబట్టలతో కొండ దిగినవాణ్ణి నేనొక్కణ్ణే.