గోరింట పొదలో గూడు

“ఈ కొమ్మలు కోసింది ఎవురు?”

“నేనే మామా. నీడ అడ్డం ఉంటే ఫోటో ఎట్ల వస్తాది?”

“రాకుంటే పోతాది! దాని ఇంటికప్పు పీకేస్తివే!”

“కప్పా? నాలుగు రెమ్మలు. పది దినాల్లో మళ్ళా చిగురేస్తాది.”

“ఆ పది దినాలూ గూట్లో పిల్లలు ఎండలో మాడాల్నా? ఏదీ, నువ్వు ఒక గంట కొంగు కప్పుకోకుండా నిలబడు, చూస్తాం!”

ఈ పొద్దున మనవరాలు అడిగిందని గోరింటాకు రుబ్బుతుంటే, ఆ పచ్చి వాసనకు కన్నయ్య మామ కేక మళ్ళీ చెవిలో పడింది. రుబ్బడం ఆపి లేచాను. వాకిట్లోకి వెళ్ళాను, వచ్చాను, మళ్ళీ వెళ్ళాను. “ఏందవ్వా, కాలుకాలిన పిల్లి మాదిరి?” అని మనవరాలు నవ్వింది. దానికి మామ తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను. నాలుగో తరగతితో ఆగిన చదువు నాది, తప్పులుంటే దిద్దుకోండి.

ఉప్పళం పేటలో మా పక్క వాటాలో ఉండేవాడు మామ. వరసకు మామ కాదు, వీధంతా అలాగే పిలిచేది. మిల్లులో పని మాని ఇంట కూర్చున్నాక కెమెరా పట్టాడు. తెల్లారగానే ముక్కాలిపీట వేసుకుని పెరటిగోడకేసి చూస్తూ కూర్చునేవాడు. నేను గిన్నెలు తోముతూ ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

“గోడను చూస్తా ఉంటే కూడు ఎవురు పెడతారు మామా?”

“నేనే వండుకుంటా గానీ, రెండు నిమిషాలు నోరు మూసుకో రత్నమ్మా. పిట్ట వచ్చుండాది.”

ఆ రోజు ఆయన చూపించిన బొమ్మలో తేనెపిట్ట మెడమీద పొద్దుటి వెలుతురు నీలంగా మెరిసింది. ఏ లైటూ వెయ్యలేదట. “ఎండ రావాల, మనం తేకూడదు” అన్నాడు. పగటిపూట బల్బు వేస్తే ఇంట్లో ఎవరినీ వదలని నాకు ఆ మాట బాగా నచ్చింది. తరువాతి ఆదివారం నుంచి బస్సెక్కి అరియాంకుప్పం ఏటిగట్టుకు ఆయన వెంట నేనూ వెళ్ళాను. కెమెరా నా చేతికిచ్చి నేర్పించాడు. నేర్పలేకపోయింది కూర్చోవడం ఒక్కటే. ఊరికే కూర్చుంటే నాకు ఒళ్ళు మండుతుంది. చిక్కుడుకాయలు తీసుకెళ్ళి ఈనెలు తీస్తూ కూర్చున్నాను. ఆ టపటపకు కొంగ లేచిపోయింది. “కూర చేసినావా, ఇంక పదా” అన్నాడు మామ. అంతకు మించి కోప్పడలేదు.

కోపం వచ్చింది ఆ గూడు దగ్గరే. ఆయన పెరటి గోరింట పొదలో పిగిలిపిట్ట గూడు కట్టి మూడు పిల్లలను పొదిగింది. తల్లి మేత పెట్టేటప్పుడు ఒక్క ఫోటో తియ్యాలని మామ ఆశ. ఆకుల సందున ఎండ గూటి మీద పడేది కొద్దిసేపే. ఆ కొద్దిసేపట్లో తల్లి రాదు, వచ్చినప్పుడు ఎండ ఉండదు. మూడు పొద్దులు కాచుకున్నాం. నాలుగోనాడు ఆయన కన్ను చూపించుకోవడానికి ఆస్పత్రికి వెళ్ళాడు. నేను కత్తెర తెచ్చి అడ్డమున్న రెమ్మలు కత్తిరించేశాను. గూడు అద్దంలో పెట్టినట్టు కనబడింది. ఆయన సంతోషిస్తాడనే అనుకున్నాను. కోసిన ఆకు పారేయడం ఎందుకని రుబ్బి చేతులకు పెట్టుకున్నాను కూడా.

సాయంత్రం ఆయన వచ్చేసరికి నా అరచేతులు ఎర్రగా పండి ఉన్నాయి. ఆ కేకలన్నీ అయ్యాక వాటిని చూసి మామ పొద వైపు తిరిగాడు. “పావం, అది ఏం చేసిందని” అని మాత్రం అన్నాడు, నాతో కాదు, పొదతో. తరువాత తన గొడుగు విప్పి గూటికి ఎడంగా గోడకు కట్టాడు. మిగిలిన కొమ్మలను అరటినారతో దగ్గరికి లాగాడు. పొద్దుగూకేదాకా మేమిద్దరం కాకులను తోలాం.

ఆ తరువాత కూడా ఆయన నన్ను వెంట తీసుకెళ్ళాడు, కళ్ళు పూర్తిగా మసకబారేదాకా. కెమెరా నాకే ఇచ్చి పోయాడు. నాకు కుదురు ఇప్పటికీ రాలేదు. ఏటిగట్టున కూర్చుంటే కాలు ఆడుతూనే ఉంటుంది, ఇంట్లో పని గుర్తొస్తూనే ఉంటుంది. చెయ్యి మాత్రం ఆగుతుంది. పక్కన ఎవరైనా “అవ్వా, ఆ కొమ్మ కాస్త వంచనా?” అంటే, వాళ్ళు ఎంత పెద్దవాళ్ళయినా కసురుకుంటాను. ఎందుకని అడిగితే చెప్పను.

గొడవ జరిగిన మరునాడు తెల్లవారగానే వెళ్ళాను. మామ అప్పటికే పీట మీద ఉన్నాడు. గూడు ఖాళీగా ఉంది, పిల్లలను ఏదో ఎత్తుకుపోయింది. కాసేపటికి తల్లి ముక్కున పచ్చపురుగుతో వచ్చి, నేను కోసిన మోడు మీద వాలింది. ఎండ దాని మీద నిండుగా పడింది. కెమెరా సంచి మామ ఒళ్ళోనే ఉంది. ఆయన విప్పలేదు. పిట్ట గూటిలోకి రెండుసార్లు తొంగిచూసి, పురుగును తానే మింగి, ఎగిరిపోయింది.