కదిలిన ఫోటో

ఆసుపత్రికి వచ్చే రోగులందరూ ఆమెను సిస్టర్ అనే పిలిచేవారు. ఆమె నర్సు కాదు, ఎక్స్‌రేలు తీసే మనిషి. కింది అంతస్తులో ఒక మూల గదిలో ఇరవై రెండేళ్ళుగా అదే పని. మొదట్లో, నేను సిస్టర్‌ని కాదండీ అని చెప్పి చూసింది. కాలు విరిగి కేకలు పెడుతూ వచ్చినవాడికి ఆ తేడాతో పనేముంది? కొన్నాళ్ళకు చెప్పడం మానేసింది.

ఆ గదిని ఆనుకుని ఒక డార్క్‌రూమ్ ఉండేది. ఫిల్మును మందునీళ్ళలో ముంచి ఎర్రదీపం వెలుగులో పట్టుకుంటే, ముందు ఏమీ ఉండేది కాదు. తర్వాత మెల్లగా ఒక పక్కటెముక, దాని కింద ఇంకొకటి తేలేవి. అలా చూస్తూ నిలబడటం ఆమెకు ఇష్టం. ఎందుకిష్టమో ఎవరూ అడగలేదు, ఆమే ఎప్పుడూ ఆలోచించలేదు. ఇంతలో కొత్త మిషన్ వచ్చింది. మీట నొక్కగానే బొమ్మ కంప్యూటర్‌లో ప్రత్యక్షం. డార్క్‌రూమ్‌లో విరిగిన కుర్చీలు పడేసి తాళం పెట్టారు. చేతులకు మందు వాసన ఉండదు, నడుం నొప్పి ఉండదు, అదృష్టవంతురాలివి అన్నారు అందరూ. ఆమె కూడా అవునంది. కానీ ఇంటికి వెళ్తుంటే, ఎక్కడో గొడుగు మరిచిపోయి వచ్చినట్టు రోజూ ఒకటే వెలితి.

అలాంటి రోజుల్లోనే బస్టాప్ గోడమీద ఒక కాగితం చూసింది. సాయంత్రం ఫోటోగ్రఫీ కోర్సు, ఏడాది, వయసుతో పని లేదు, డార్క్‌రూమ్ సౌకర్యం ఉంది. ఆ చివరి మాట కోసమే చేరింది. ఆమె భర్త లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. నోరు తెరిస్తే హాస్యం. విషయం చెప్పగానే, "ఇన్నేళ్ళూ మనుషుల లోపలికి వెళ్ళి తీశావు. ఇక చర్మం దగ్గరే ఆగిపో. అంతకంటే నేర్చుకునేదేముంది?" అన్నాడు.

క్లాసులో మిగతా పదకొండు మందీ పాతికేళ్ళలోపు వాళ్ళే. వారం తిరగకుండా ఆమెకు ఎక్స్‌రే అక్క అని పేరు పెట్టేశారు. డార్క్‌రూమ్ పని ఆమెకు మంచినీళ్ళ ప్రాయం. చిక్కంతా ఒక నోటుపుస్తకంతో వచ్చింది. మాస్టారు ఒకప్పుడు పత్రికలకు ఫోటోలు తీసిన మనిషి, సన్నగా, ఎప్పుడూ గొంతు పెంచకుండా మాట్లాడేవారు. ప్రతి సోమవారం ఒక ఫోటో గోడకు పెట్టి, పది నిమిషాలు చూడమని, అది మిమ్మల్ని ఏం చేసిందో ఒక పేజీ రాయమనేవారు. ఫోటో మనిషిని ఏం చేస్తుందో ఆమెకు బోధపడలేదు. అడగడానికి మొహమాటం.

మొదటి ఫోటోలో గుమ్మం దగ్గర కూర్చున్న ముసలావిడ. అందరికంటే ముందు రాసి ఇచ్చింది ఎక్స్‌రే అక్కే. వయసు డెబ్భై పైన, వెన్ను ముందుకు వంగింది, కుడి మణికట్టు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది, బరువంతా ఎడమ తుంటి మీద వేసి కూర్చుంది అని. మరుసటి వారం ఆ పేజీ కింద ఎర్రసిరాతో ఒక ప్రశ్న వచ్చింది: "ఇందులో మీరెక్కడ?"

ఇంటికి వెళ్ళి భర్తకు చూపించింది. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, ఆ ఫోటో తీసేటప్పుడు నువ్వు డ్యూటీలో ఉన్నావని చెప్పు అన్నాడు. నవ్వింది గానీ ఆ ప్రశ్న మాత్రం మనసులో ముల్లులా ఉండిపోయింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో బొమ్మలో తను కనబడటమంటే తప్పు జరిగినట్టే. వేలి నీడ పడినా ఫిల్ము పారేసేవారు. ఇప్పుడేమో ఈ మాస్టారు, నువ్వెక్కడ అని వెతుకుతున్నారు.

క్లాసులో కళ్ళద్దాల పిల్ల ఒకతి ఆమె పక్కన కూర్చునేది. ఆ పిల్ల జాలిపడి ఒక కిటుకు చెప్పింది: ఏ ఫోటో పెట్టినా ఒంటరితనం అని రాసెయ్యక్కా, సరిపోతుంది. తర్వాతి వారం గోడమీద రైలు కిటికీలో ఒక కుర్రవాడి మొహం. పేజీ నిండా ఒంటరితనం అని రాసింది. ఈసారి ఎర్రసిరా, "ఇది మీ మాట కాదు" అంది. తనకు తోచింది రాస్తే తప్పు, పదిమందికీ తోచింది రాస్తే తప్పు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు కదా, అలా అయింది పని.

ఆరో వారం పెట్టిన ఫోటోలో మనుషులే లేరు. ఏదో ఆఫీసు వరండా, గోడవారగా ఒక కుర్చీ, కుర్చీలో ఒక ఆడమనిషి చేతిసంచి. అంతే. ఎక్స్‌రే అక్క ఆ సంచి మీంచి చూపు తిప్పుకోలేకపోయింది. ఎందుకు? రోజూ తన గది బయట అలాంటి సంచులు చూస్తూనే ఉంటుంది. లోపలికి వెళ్ళేవాళ్ళు కుర్చీలో పెట్టి వెళ్తారు, వచ్చి తీసుకుంటారు. అందులో అంతగా చూడటానికేముంది? పది నిమిషాలూ అయిపోయాయి. కలం కదల్లేదు. తెల్లకాగితమే ఇచ్చేసి వచ్చింది.

మాస్టారు మాత్రం ఆ కాగితం తిరిగి ఇస్తూ, ఇన్ని వారాల్లో మీరిచ్చిన మొదటి సరైన పేజీ ఇదేనమ్మా అన్నారు. ఎగతాళేమోనని మొహంలోకి చూసింది. కాదు, నిజంగానే అంటున్నారు. ఆ సంగతి ఇంట్లో చెబితే భర్త తల పట్టుకుని, ఆ లెక్కన నేను బడిలో ప్రతి ఏడూ ఫస్టు రావలసింది అన్నాడు.

తర్వాత మనుషుల ఫోటోలు మొదలయ్యాయి. ఒక్కొక్కరూ పన్నెండు మొహాలు తియ్యాలి. పాత ఫిల్ము కెమెరా, కింద ట్రైపాడ్, కిటికీ వెలుగు తప్ప ఇంకో దీపం వాడకూడదు. వెలుగు తక్కువ కాబట్టి షట్టర్ ఒక సెకను పైగా తెరుచుకుని ఉండాలి. ఆ సెకనులో ఎదుటి మనిషి కదిలితే ఫోటో అలుక్కుపోతుంది. మిగతా విద్యార్థుల ఫోటోల్లో సగం అలాగే పోయాయి. ఎక్స్‌రే అక్కవి ఒక్కటీ పోలేదు. లిఫ్టు నడిపే ఆయన, మందుల కౌంటర్‌లో అమ్మాయి, ఇంటి ఓనరు భార్య, పది మందినీ చెక్కినట్టు తీసింది. పైగా ఆ పది మొహాల్లోనూ ఒకటే చూపు. కళ్ళు కాస్త పెద్దవై, ఛాతీ కాస్త లేచి, ఇప్పుడో ఇంకాసేపట్లోనో ఏదో వార్త తెలియబోతున్నట్టు. వాటిని వరసగా పరిచినప్పుడు క్లాసంతా లేచి వచ్చి చూసింది. ఎలా రాబట్టారు ఇది అని మాస్టారు అడిగారు. నాకు తెలియదండీ అంది. అది నిజం. ఆయన అణకువ అనుకున్నారు.

పదకొండో మొహం అత్తగారిది. కెమెరా ఇంటికి తెచ్చి, ఆవిడను కిటికీ పక్కన కూర్చోబెట్టి ఒకటి తీసింది. రెండోది తియ్యబోతుంటే ఫిల్ము తిప్పే మీట బిగుసుకుంది. దాంతో కుస్తీ పడుతూ ఒక అరనిమిషం తలెత్తలేదు. ఎత్తేసరికి అత్తగారి మొహం ఎర్రగా కందిపోయి ఉంది.

"అమ్మాయ్, ఊపిరి వదలమంటావా, ప్రాణం వదలమంటావా?" అంది ఆవిడ.

అప్పుడు తెలిసింది. రోజుకు నలభైసార్లు అనే మాట, ఊపిరి పీల్చి బిగబట్టండి అనే మాట, కెమెరా వెనక నిలబడ్డప్పుడు కూడా దానంతటదే నోట్లోంచి వస్తోంది. లిఫ్టాయనా బిగబట్టాడు, ఓనరు భార్యా బిగబట్టింది. అందరూ మెచ్చుకున్న చూపు అదన్నమాట. ఆమెకు సిగ్గేసింది. దొంగసొమ్ము తిరిగి ఇచ్చేసినట్టు మర్నాడు వెళ్ళి మాస్టారికి చెప్పేసింది, ఇది కళా కాదు ఏమీ కాదండీ, నోటి అలవాటు అని. ఆయన, అలవాటు కూడా మనిషిదే కదమ్మా అన్నారు. ఆ అలవాటు తనదో ఆసుపత్రిదో ఆమెకు తేలలేదు.

పన్నెండో మొహం భర్తది. ఆదివారం పొద్దున కోటు ఇస్త్రీ చేసుకుని, తల దువ్వుకుని కూర్చున్నాడు. మూడు ఫోటోలు తీసింది. సోమవారం క్లాసులో ప్రింట్లు వేస్తే మూడింటిలోనూ ఆయన మొహం అలికేసినట్టుంది. కోటు కాలరూ అంతే. ఆయన కూర్చున్న కుర్చీ వీపు మాత్రం గీత గీసినట్టు స్పష్టంగా ఉంది. అంటే కెమెరా కదల్లేదు. మనిషే కదిలాడు.

తడి ప్రింటు చుట్టూ అందరూ మూగారు. ఎక్కడికో వెళ్ళిపోతూ వెనక్కి వచ్చినట్టున్నారక్కా, అన్నిట్లోకీ ఇదే బాగుంది అంది కళ్ళద్దాల పిల్ల. మిగతా పదకొండు మందీ ఆగిపోయారు, ఈయన ఒక్కడే బతికి ఉన్నాడు అన్నారు మాస్టారు. ఎక్స్‌రే అక్క ప్రింటు మీదికి వంగింది. ఆమె గదిలో ఇలాంటి బొమ్మ వస్తే ఒకటే మాట: ఊపిరి వదిలేశాడు, మళ్ళీ తియ్యాలి. కానీ ఒక్క సెకను. ఆరేళ్ళ పిల్లలు కూడా బిగబట్టగలరు. మూడుసార్లూ ఎందుకు వదిలేశాడు? నవ్వొచ్చిందేమో, అసలే తిన్నగా ఉండే మనిషి కాదు. మళ్ళీ చూసింది. ఎడమ భుజం ఒకింత కిందికి దిగి ఉంది. నెల్లాళ్ళుగా మేడ మెట్లెక్కుతూ మధ్యలో ఆగి జేబులోంచి ఫోను తీస్తున్నాడు. ఆ ఫోను పిచ్చేమిటని ఆమె రెండుసార్లు కసురుకుంది కూడా. ఇవన్నీ ఫోటోలో ఉన్నాయా, తన బుర్రలోంచి వస్తున్నాయా? చుట్టూ ఉన్నవాళ్ళు ఎంత బాగుందో అంటున్నారు. తను పిచ్చిదవుతోందేమో అనిపించింది. ప్రింటు నీళ్ళలోనే వదిలేసి ఇంటికి బయల్దేరింది.

ఆయన తలుపు బందుకు నూనె వేస్తున్నాడు. సంచి కూడా దించకుండా, ఒకసారి ఊపిరి పీల్చి బిగబట్టండి అంది. కెమెరా ఏదని నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు. ఆయన పీల్చాడు. ఆమె ఒకటి అంది. రెండు అనేలోగా దగ్గు తెరలు తెరలుగా వచ్చింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"వర్క్‌షాపులో దుమ్ము. అంతే."

"ఎన్నాళ్ళ నుంచండీ?"

"రెండు నెలలుంటుందేమో. పీల్చినప్పుడు ఎడమ పక్క పొడుస్తుంది."

"నాకెందుకు చెప్పలేదు?"

ఆయన నూనెడబ్బా మూత పెట్టాడు. "పొద్దస్తమానం రోగుల్నే చూసి వస్తావు. ఇంట్లో కూడా ఒకడెందుకని."

మర్నాడు తన గదిలోకే తీసుకెళ్ళింది. చొక్కా విప్పించి, గడ్డం పైకెత్తించి, భుజాలు ముందుకు నెట్టి పలకకు ఆనించి నిలబెట్టింది. గాజుపలక వెనక్కి వెళ్ళి మీట మీద వేలు పెట్టాక, ఆ మాట నోటికి రాలేదు. అక్కర్లేని చోటల్లా దానంతటదే వచ్చిన మాట. ఇటు తిరగకుండానే ఆయన, ఏమోయ్, ఉన్నావా అన్నాడు. అప్పుడు చెప్పింది. ఆయన తనకు చేతనైనంత బిగబట్టాడు.

బొమ్మ తెరమీదకు వచ్చింది. ఇరవై రెండేళ్ళలో ఇలాంటివి ఎన్ని వేలు చూసి ఉంటుందో. ఒక్క చూపులో కుడీ ఎడమా, పైనా కిందా చదివేసే మనిషి. ఆ రోజు చదవలేకపోయింది. పక్కటెముకలు చూసి ఇంత సన్నబడ్డాడా అనుకుంది. మెడ కింది ఎముకల మధ్య పల్లం చూసింది, దాన్ని చూస్తూనే ఉండిపోయింది. ఎడమ కింది మూల, నల్లగా ఉండవలసినచోట, తెల్లగా నిండిపోయి ఉంది. అదేమిటో ఆమెకు అఆల్లాగా తెలుసు. పేరు గుర్తు రాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వాటికి కూడా కారణం చెప్పలేకపోయింది. ఇంకా మంచో చెడో తెలియనేలేదు.

బొమ్మ ఎంతకీ పైకి రాకపోయేసరికి డాక్టరమ్మ తానే దిగి వచ్చింది. ఒక్క క్షణం చూసి, ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది, ముదరలేదు, వేళకు తీసుకొచ్చావు, ఎలా కనిపెట్టావు అంది. ఫోటోలో కదిలారండీ అంది ఎక్స్‌రే అక్క. డాక్టరమ్మకు అర్థం కాలేదు. విడమరిచి చెప్పే ఓపిక ఆమెకు లేదు.

సూదితో నీరు తీశారు. పరీక్షలు చేసి ఆరు నెలలు మాత్రలు వాడమన్నారు. రెండు నెలలు ఆయన లేత్ దగ్గరికి పోలేదు. ఆ రోజుల్లో అత్తగారూ కోడలూ ఆయన్ని కంచం ముందు కూర్చోబెట్టి లేవనిచ్చేవారు కాదు. మూడో నెలలో మెట్లు ఆగకుండా ఎక్కి, పైన నిలబడి, నా ఫోను కింద మరిచిపోయాను, మళ్ళీ ఎక్కి చూపించనా అన్నాడు.

ఐదు వారాలు క్లాసు పోయినా మాస్టారు ఆమె పేరు కొట్టెయ్యలేదు. ఏడాది చివర ప్రదర్శన పెట్టారు. భర్త ఫోటో పెట్టనంది ఆమె. ఆయన ఒప్పుకోలేదు. కోటు ఇస్త్రీ చేసుకుని మరీ కూర్చున్నాను, పెట్టి తీరాలి అన్నాడు. పన్నెండూ వరసగా గోడకు ఎక్కాయి. వచ్చినవాళ్ళు అభిప్రాయాల పుస్తకంలో ఏవేవో రాశారు. చివరి ఫోటో గురించి ఒకరు, నవ్వు ఆపుకోలేకపోతున్న మనిషి, చూస్తే హాయిగా ఉంది అని రాశారు. ఇంకొకరు, మనిషిలోంచి వెలుగు వస్తోంది అని. ఆమె ఆ రెండు వాక్యాలూ నాలుగైదుసార్లు చదివి, పుస్తకం పట్టుకుని మాస్టారి దగ్గరికి వెళ్ళింది.

"వీళ్ళు చూసింది తప్పా అండీ, నేను చూసింది తప్పా?"

ఆయన పుస్తకం అందుకుని ఆ వాక్యాలు చదివారు. "ముప్ఫై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను. నాకూ తెలియదమ్మా" అన్నారు. అది విని ఆమెకు కొంచెం తేలికైంది, కొంచెం కోపం కూడా వచ్చింది.

మామూలు మార్కులతో పాసైంది. ప్రదర్శన అయ్యాక ఆ ఫోటో ఇంటికి తెచ్చుకున్నారు గానీ ఎక్కడ తగిలించాలో తేలలేదు. వచ్చినవాళ్ళు ఎవరిదని అడుగుతారు, కన్న కొడుకు మొహం కనబడని ఫోటో నడింట్లో ఎందుకు అంది అత్తగారు. అలా తిరిగి తిరిగి చివరికి బట్టల బీరువా తలుపు లోపలి వైపున చేరింది. పొద్దున డ్యూటీకి తయారయ్యేటప్పుడు తలుపు తీస్తే ఎదురుగా ఆయన. కొన్ని రోజులు దాన్ని చూసి ఆమెకు నవ్వొస్తుంది. కొన్ని రోజులు చేతికందిన బట్టలు లాక్కుని గబుక్కున తలుపు మూసేస్తుంది. ఏ రోజు ఏది జరుగుతుందో తలుపు తీసేదాకా ఆమెకే తెలియదు.