రేవు మీద కట్టిన గోడ

చేపలమ్ముకునే మనిషి చోటు నేను తీసేశాను. నా చేత్తో పటం గీసి మరీ తీసేశాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని గీయించలేదు.

స్వరాజ్యం వచ్చిన ఏడెనిమిదేళ్లకి మా పంచాయతీవారు సంతని బాగుచెయ్యాలనుకున్నారు. కాలవగట్టు మీద సంత అది. బురద, ఈగలు, తోపులాట. కూరగాయలకి వరసగా అరుగులు, మధ్యలో రేడియో మంటపం, కాలవ వైపు పొట్టిగోడ, దాని వెంట బెంచీలు. నలుగురూ కూచునే చోటు కావాలన్నారు. నేను నాలుగో తరగతి దాటలేదు. దొరికిన పుస్తకమల్లా చదివి పటాలు గియ్యడం సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. "మీరుండగా ఇంజనీరెందుకండీ" అన్నారు ప్రెసిడెంటుగారు. ఆ మాటకి ఉబ్బిపోయేను.

కొలతలు వేసవిలో తీసుకున్నాను. పూడిక తియ్యడానికి వేసవిలో కాలవలకి నీళ్లాపేస్తారని కోనసీమలో పుట్టినవాణ్ణి, నాకు తెలీదా? తెలుసు. అయినా ఎండిన కాలవని చూసి, రేవు మెట్లు ఎందుకూ పనికిరావని రాసుకున్నాను. ఆ మెట్ల మీదే ఒకావిడ ఎండుచేపలు పెట్టుకుని కూచుంది. సముద్రం ఒడ్డున ఓడలరేవు ఊరి వైపు మనిషి. నీళ్లున్నన్నాళ్లూ మొగుడూ తనూ సొంత పడవలో పచ్చిచేప తెచ్చి అక్కడే దింపి అమ్మేవారు. నీళ్లాపేశాక గంప నెత్తిన పెట్టుకుని కాలవ అడుగునే నడిచొచ్చేది.

కొలతకి ముడులేసిన తాడుతో కొలుస్తూ, "ఇదిగోమ్మా, ఈ కొస కాస్త పట్టుకో" అన్నాను.

పట్టుకుంది. "ఏం కడతారు బాబుగారూ? మాక్కూడా నీడేస్తారా?"

"అందరికీనమ్మా" అన్నాను. అబద్ధం. చేపలవాళ్లని వెనక్కి, ఎడ్లబళ్లు విప్పే చోటుకి నెట్టాలని అప్పటికే నా మనసులో ఉంది. రేడియో వినే పెద్దమనుషులకి కంపు కదా!

నెలన్నరలో రేవు మెట్లు మూసేసి గోడ లేచింది. జూన్‌లో నీళ్లొదిలేరు, పడవొచ్చింది. ఆగడానికి మెట్లు లేవు. గోడెక్కి కూచున్నవాళ్లలో ఒకడు, "పడవ భుజానేసుకుని రా అప్పా!" అని అరిచేడు. అందరూ నవ్వేరు. ఆవిడ పడవలోంచి నాకేసి చూసింది. నేను రేడియో వింటున్నట్టు తల తిప్పుకున్నాను.

వాళ్లు పై లాకుల దగ్గర రేవు దాకా పోయి దింపుకుని, తిరిగి మోసుకొచ్చేసరికి చేప మెత్తబడేది. నాలుగు సంతలయ్యాక ఆ పడవ మరి కనబడలేదు.

ప్రెసిడెంటుగారి దగ్గరికెళ్లి, గోడ కొంత పడగొట్టి మెట్లు పెట్టించమన్నాను.

"మీరు గీసిందే కదండీ! కంపు పోయింది, నలుగురూ హాయిగా కూచుంటున్నారు. మీకేమొచ్చిందండీ?"

ఏ నలుగురు? ఆ నలుగురిలో ఆవిడ ఏదీ? ఒళ్లు మండిపోయింది. మండి ఏం లాభం, గీత నాదాయె. అర్జీ మీద అర్జీ పెట్టేను. వెర్రివాడన్నారు. మూడేళ్లకి గోడ చీల్చి ఏడు మెట్లు కట్టేరు.

ఆ కబురు చెప్పడానికి నేనే వాళ్ల ఊరు వెళ్లేను. ఆవిడ గుమ్మం ముందు కూచుని కొబ్బరాకు తడిక అల్లుతోంది. "తప్పు నాదమ్మా. రేవుకి మెట్లొచ్చేయి. మళ్లీ వచ్చి నీ చోట్లో కూచో" అన్నాను.

అల్లిక ఆపకుండానే అంది:

"ఆయ్, సంతోషమండీ. పడవ అమ్మేసుకున్నాం కదండీ, దేంట్లో రమ్మంటారు బాబుగారూ?"